పటమునుండి పుట్టిన నిధి: రాబర్టు లూయీ స్టీవెన్సన్ జీవితము

పాడుపడిన కోటగోడల క్రింద లంకెబిందెలున్నవను మాట వినని తెలుగు పల్లె ఉండదు. వానికి పాము కావలి యున్నదని పెద్దలు చెప్పుచుండగా పిల్లలు నోళ్లు తెఱచుకొని విందురు. మఱునాడు ఆ పిల్లలే చెట్టు క్రింద గోతులు త్రవ్వి, చింతగింజలను వరహాలుగా నెంచి ఆడుకొందురు. ఈ ఆటకు దేశభేదము లేదు. పడమటి దేశములలో దీనికి ఓడదొంగలును, నిర్జనమైన దీవులును, ఎఱ్ఱసిరాతో గుర్తులు వేసిన పటములును తోడయినవి. నేడు ఏ భాషలో ఓడదొంగల బొమ్మల పుస్తకము తెఱచినను ఒంటికాలి నావికుడో, వాని భుజముపై చిలుకయో, నిధి యున్న చోటును చూపు పటమో కనబడక మానదు. ఈ మూడింటిని బాలలోకమున ఇంతగా వ్యాపింపజేసినది ట్రెజర్ ఐలండ్ అను ఒక్క పుస్తకము. దానిని రచించినవాడు రాబర్టు లూయీ స్టీవెన్సన్.

గ్రంథాలయమునకు పిల్లల బొమ్మల పుస్తకములు కొనవలెనను మాట వచ్చినపుడెల్ల రెండు సందేహములు పొడసూపుచుండును. దొంగల కథలు చదివిన పిల్లలు చెడిపోరా యనునది మొదటిది. ఉన్న కొద్దిపాటి ధనమును ఆటవస్తువులవంటి పుస్తకములపై వ్యయము చేయుట తగునా యనునది రెండవది. ఈ రెండింటిని గూర్చి ఆలోచించువారు స్టీవెన్సన్ జీవితమును ఒకసారి తెలిసికొనుట మేలు.

స్టీవెన్సన్ 1850వ సంవత్సరము నవంబరు 13వ తేదీన స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరమున జన్మించెను. ఆ వంశమువారి వృత్తి సముద్రముపై దీపస్తంభములు కట్టుట. తాతయగు రాబర్టు స్టీవెన్సన్ తీరమునకు 11 మైళ్ల దూరమున, పోటు వచ్చినపుడు నీట మునిగిపోవు బెల్‌రాక్ అను బండమీద దీపస్తంభమును నిర్మించెను. 1811లో వెలిగిన ఆ స్తంభము నేటికిని చెక్కు చెదరక నిలిచియున్నది. తండ్రియగు థామస్ స్టీవెన్సన్, పెదతండ్రులు కూడ ఆ విద్యలోనే పేరెన్నికగన్నవారు. తల్లిదండ్రులకు ఇతడొక్కడే సంతానము. ఈ బిడ్డయు పెరిగి పెద్దవాడై సముద్రమున దీపములు నిలుపునని తండ్రి ఆశపడెను.

కాని ఆ బిడ్డ ఊపిరితిత్తులు బలహీనమైనవి. చలికాలము వచ్చెనన్న నెలల తరబడి మంచము పట్టెడివాడు. రాత్రులు దగ్గుతో నిద్ర యుండెడిది కాదు. ఆలిసన్ కన్నింగ్‌హామ్ అను దాది తెల్లవార్లు మేలుకొని వానికి కథలు చెప్పెడిది. ఒక్కొక్కప్పుడు బిడ్డనెత్తుకొని కిటికీ కడకు పోయి, దూరపు వీధిలో వెలుగుచున్న ఒకటి రెండు దీపములను చూపెడిది. ఆ యిండ్లలో కూడ ఇట్లే ఒక రోగి బాలుడు, వాని దాది తెల్లవారుటకై ఎదురుచూచుచుందురని వారిద్దరును అనుకొనెడివారు. పడకమీది దుప్పటి ముడుతలే కొండలుగను లోయలుగను భావించి అతడు సీసపు సిపాయిలను నడిపించెడివాడు. పెద్దయైన పిమ్మట 1885లో పిల్లల పద్యముల సంపుటమొకటి వెలువరించి, దానిని ఆ దాదికే అంకితము చేసెను. ఆమె చేసిన సేవను అతడు మఱచిపోలేదు.

ఆ కాలమున ఎడింబరో దుకాణములలో పిల్లల కొఱకు బొమ్మల నాటకముల కాగితములు అమ్మెడివారు. వానిపై ఓడదొంగలు, దారిదోపిడిగాండ్రు, నావికులు, అడవులు, ఓడలు అచ్చువేయబడి యుండెడివి. పిల్లలు వానిని కత్తిరించి, అట్టలకు అంటించి, చిన్న నాటకశాలను అమర్చి ఆడించెడివారు. రంగులు లేని కాగితము వెల ఒక పెన్నీ, రంగులు వేసినది రెండు పెన్నీలు. స్టీవెన్సన్ ఎన్నడును ఒక పెన్నీ కాగితమునే కోరెడివాడు. తన చేతులతో రంగులు వేసికొనుటలో నున్న సంతోషము రెండు పెన్నీల కాగితములో లేదని అతని అభిప్రాయము. 1884లో ఈ బొమ్మలను గూర్చి ఒక వ్యాసమే వ్రాసి, తన కల్పనాశక్తికి అవి మూలధనమని ఒప్పుకొనెను. బొమ్మను చూచి ఊరకుండక దానిని తనదిగా చేసికొను ఈ స్వభావమే పిమ్మట అతని జీవితమును మలుపు త్రిప్పినది.

1867లో తండ్రి కోరిక ప్రకారము అతడు ఇంజనీరింగు విద్యకై విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. ఆ విద్య అతని మనసునకు ఎక్కలేదు. అట్లని చేతగాక కాదు. 1871లో దీపస్తంభముల వెలుగును గూర్చి అతడు చదివిన వ్యాసమునకు స్కాట్లండులోని ఒక విద్వత్సభ రజత పతకము నొసగెను. తండ్రి ఎంతయో పొంగిపోయెను. ఆ సంతోషము ఆఱకముందే, తాను దీపస్తంభములు కట్టజాలననియు, రచయితనగుదుననియు కుమారుడు చెప్పివేసెను. తండ్రికిది పెద్ద దెబ్బ. వ్రాతలతో కూడు పుట్టదను భయముతో, కనీసము న్యాయశాస్త్రమైనను చదువుమని ఆయన కోరెను. కుమారుడు చదివి 1875లో న్యాయవాది పట్టము పొందెను. కాని వకీలుగా సంపాదించినది దాదాపు శూన్యము. ఈలోగా మతవిషయమున కూడ తండ్రీకొడుకులకు అభిప్రాయభేదము కలిగి ఇంటిలో శాంతి కరవయ్యెను. ఇద్దరికిని పరస్పర ప్రేమకు కొదువ లేదు. ప్రేమ యున్నను ఒకరి మాట ఒకరికి రుచింపకుండుట మన యిండ్లలో మాత్రము ఎఱుగనిదా?

1876లో ఫ్రాన్సు దేశమున చిత్రకారులుండు ఒక పల్లెలో ఆయనకు ఫానీ ఆస్‌బర్న్ అను అమెరికా వనిత పరిచయమయ్యెను. ఆమె ఆయనకంటె పదేండ్లు పెద్దది, ఇద్దరు బిడ్డల తల్లి, భర్తకు దూరమై జీవించుచున్నది. ఆమె అమెరికాకు తిరిగిపోయిన పిమ్మట, 1879లో స్టీవెన్సన్ తల్లిదండ్రులకు చెప్పకయే వలసపోవు బీదలతోపాటు ఓడలోను రైలులోను ప్రయాణము చేసి ఆమె యున్న కాలిఫోర్నియాకు చేరెను. త్రోవలో ఆరోగ్యము చెడి చావు తప్పి బయటపడెను. చేత డబ్బులేక భోజనములు తగ్గించుకొని దినములు గడిపెను. ఈ సంగతి విన్న తండ్రి కోపమును దిగమ్రింగి, సంవత్సరమునకు 250 పౌనులు పంపుదునని తంతి నిచ్చెను. విడాకులు పొందిన ఫానీతో 1880 మే 19వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో వివాహము జరిగెను. కొలది నెలలకు కోడలిని, ఆమె కుమారుడు లాయిడ్‌ను వెంటబెట్టుకొని స్టీవెన్సన్ స్వదేశమునకు వచ్చెను. తల్లిదండ్రులు వారిని ఆదరముతో ఇంట చేర్చుకొనిరి.

1881 వేసవి చివర ఆ కుటుంబమంతయు స్కాట్లండు కొండలలోని బ్రేమార్ అను గ్రామమున ఒక చిన్న ఇంటిలో బసచేసెను. చలిగాలి, ఎడతెగని వాన. స్టీవెన్సన్ దగ్గుతో గడప దాటలేడు. పదుమూడేండ్ల లాయిడ్ సెలవులు వానపాలైనవి. పిల్లవాడు ప్రొద్దుపోక రంగులపెట్టె ముందు పెట్టుకొని బొమ్మలు వేయుచుండగా స్టీవెన్సన్ కూడ వాని ప్రక్కన కూర్చుండి కుంచె పట్టెను. ఒకనాడు ఒక దీవి పటము గీచెను. రేవులు, కొండలు, వాగులు గుర్తించి, రంగులు నింపి, దానికి ట్రెజర్ ఐలండ్, అనగా నిధిదీవి, అని పేరు పెట్టెను. ఆ పటమును చూచుచుండగా అందలి అడవుల నడుమ కత్తులు మెఱయుచు మనుష్యులు తిరుగాడుచున్నట్లు ఆయనకు తోచెను. వెంటనే కాగితము తీసికొని అధ్యాయముల పట్టిక వ్రాసెను. అనగా కథకు పటము గీయలేదు. పటమునుండి కథ పుట్టినది.

దినమునకొక అధ్యాయము వ్రాసి, మధ్యాహ్న భోజనానంతరము ఇంటివారికి చదివి వినిపించెడివాడు. స్త్రీపాత్రలు వలదని లాయిడ్ నియమము పెట్టెను. అందుచేతనే ఆ కథలో కథానాయకుడగు జిమ్ అను బాలుని తల్లి తప్ప చెప్పుకోదగిన స్త్రీపాత్ర లేదు. ఇంతలో అనుకొనని మఱియొక శ్రోత తయారయ్యెను. అతడు వృద్ధుడగు తండ్రి. జీవితమంతయు రాళ్లు, సున్నము, అలల లెక్కలతో గడపిన ఆ ఇంజనీరు, నిద్ర పట్టుటకై రాత్రులు తనలో తాను ఓడల కథలు, దొంగల కథలు అల్లుకొనెడివాడు. కథలో ముసలి నావికుని పెట్టె తెఱచు ఘట్టము వచ్చుసరికి, అందులో ఏయే వస్తువులుండవలెనో ఆయన ఒక పాత కవరు వెనుక దినములో చాల భాగము కూర్చుండి జాబితా వ్రాసి యిచ్చెను. కుమారుడు దానిని ఉన్నదున్నట్లు కథలో చేర్చెను. ఓడదొంగల పాత ఓడకు పేరు కూడ తండ్రి కోరినదే పెట్టెను. కుమారుని వ్రాతలకు ఏనాడు మనసార సంతోషింపని తండ్రి, పిల్లవాని కొఱకు వ్రాసిన కథలో పాలుపంచుకొని తానును పిల్లవాడయ్యెను. పదేండ్లుగా మాటలు కలుపలేకపోయిన ఆ యిద్దరిని ఒక దీవి పటము ఒక బల్ల కడ కూర్చుండబెట్టినది.

పదునైదు దినములు పదునైదు అధ్యాయములు సాగినవి. ఆపై కలము ఆగిపోయెను. అప్పటికి స్టీవెన్సన్‌కు ముప్పదియేండ్లు నిండినవి. యాత్రాకథనములు, వ్యాసములు ప్రచురింపబడినను, ఒక్క నవలనైనను ముగింపలేకపోయినవాడు. ఇంకను తండ్రి యిచ్చు ధనముపైననే ఆధారపడి యున్నవాడు. కథ ఆరంభభాగము లండనులోని యంగ్ ఫోక్స్ అను పిల్లల పత్రికలో 1881 అక్టోబరునుండి వెలువడుట మొదలయ్యెను. ముగింపు మాత్రము వ్రాయవలసియే యుండెను. ఆ చలికాలమునకు చికిత్సకై స్విట్జర్లండులోని దావోసునకు చేరిన పిమ్మట, ఒకనాటి ఉదయము కలము కదలి మరల దినమునకొక అధ్యాయము చొప్పున సాగి కథ పూర్తియయ్యెను.

దావోసులో మఱియొక ముచ్చట జరిగినది. లాయిడ్ వద్ద చిన్న అచ్చుయంత్ర ముండెను. స్టీవెన్సన్ చెక్కముక్కలపై తానే బొమ్మలు చెక్కి, వానికి పద్యములు కట్టగా, లాయిడ్ అచ్చువేసి చిన్న చిన్న పుస్తకములుగా కుట్టి ఆఱు పెన్నీల వెలకు అమ్మెను. ఒక ఓడదొంగ, ఒక మందుల వర్తకుడు పాత్రలుగా నున్న హాస్యకథకు కూడ ఆయన ఇట్లే బొమ్మలు చెక్కెను. లోకమునకు నిధిదీవి నిచ్చిన రచయిత తన చేతులతోనే పిల్లల బొమ్మల పుస్తకములు తయారుచేసెనని దీనివలన తెలియుచున్నది.

పత్రికలో ఆ కథ కెప్టెన్ జార్జి నార్త్ అను మాఱుపేరుతో వెలువడెను. పాఠకులు దానిని అంతగా పట్టించుకొనలేదు. 1883 చివర కాసెల్ సంస్థవారు పుస్తకముగా ప్రకటించి 100 పౌనుల పారితోషిక మిచ్చిరి. స్టీవెన్సన్ ఆనందమునకు మేర లేదు. ఒక్క విచారము మాత్రము మిగిలినది. అచ్చునకు పంపిన మూలపటము ఎక్కడనో పోయెను. కథను ముందు పెట్టుకొని, అందలి కొలతలన్నియు సరిపోవునట్లు మఱియొక పటమును తండ్రి కార్యాలయములో గీయవలసి వచ్చెను. అందులో ఓడదొంగల నాయకుడగు ఫ్లింటు సంతకమును తండ్రియే స్వయముగా మాఱువ్రాతతో పెట్టెను. పుస్తకములలో నేడు మనము చూచునది ఈ రెండవ పటమే. పిల్లవాని ప్రక్కన కూర్చుండి వేసిన మొదటి పటముపై ఉన్న మమకారము స్టీవెన్సన్‌కు దీనిపై ఎన్నడు కలుగలేదు.

ఇక దొంగల కథ పిల్లలను చెఱచునా యను ప్రశ్న. చరిత్రలోని ఓడదొంగలు సాధారణముగా నిధులు పాతిపెట్టువారు కారు. దొరకినది దొరకినట్లు పంచుకొని రేవులలో వ్యయము చేసెడివారు. విలియం కిడ్ అనునతడు 1699లో న్యూయార్కు సమీపమున ఒక దీవిలో కొంత ధనము పాతిపెట్టుట నిజమే కాని, అది అధికారులకు దొరకినది. 1701లో లండనులో అతనికి ఉరిశిక్ష అమలు జరిగెను. స్టీవెన్సన్ కథలో నిధి యున్నది, దాని వెనుక రక్తపాతమును ఉన్నది. ధనాశ పట్టినవారు ఒకరి నొకరు చంపుకొందురు. బాలుడగు జిమ్ నిధిలో పాలు పొందియు, ఆ దీవికి మరల పోవుటకు ఇష్టపడడు. దాని తలపే అతనికి పీడకల. వంటవాడై ఓడలో చేరిన ఒంటికాలి జాన్ సిల్వర్ తియ్యని మాటలవాడు, ధైర్యశాలి, ఆపై విశ్వాసఘాతకుడు. మంచితనము, దుష్టత్వము ఒకే మనిషిలో కలసియుండవచ్చునని పిల్లలకు ఇంత చక్కగా తెలిపిన పాత్రలు అరుదు. ఆ పాత్రకు ప్రేరణ రచయిత మిత్రుడగు కవి హెన్లీ. వ్యాధివలన ఒక కాలు తీసివేయబడినను, మహోత్సాహముతో జీవించిన ఆయనను స్టీవెన్సన్ 1875లో ఎడింబరో ఆసుపత్రిలో తొలిసారి చూచెను. చిలుక డీఫో కథనుండియు, దారి చూపు అస్థిపంజరము ఎడ్గార్ అలన్ పో కథనుండియు గ్రహించితినని స్టీవెన్సన్ దాపరికము లేక చెప్పుకొనెను.

మొదట పటము తప్ప బొమ్మలు లేని ఆ పుస్తకమునకు పిదప ఎందఱో చిత్రములు వేసిరి. వారిలో అగ్రగణ్యుడు అమెరికా చిత్రకారుడు ఎన్.సి. వైత్. 1911లో స్క్రిబ్నర్ సంస్థ ప్రచురణకు ఆయన వేసిన తైలవర్ణ చిత్రములు, ముఖ్యముగా వెన్నెలలో కఱ్ఱతో తడవుకొనుచు వచ్చు గ్రుడ్డివాని బొమ్మ, చూచినవారు మఱచిపోలేరు. ఆ ధనముతో ఆయన పెన్సిల్వేనియాలోని చాడ్స్ ఫోర్డు అను ఊరిలో భూమి కొని ఇల్లు కట్టుకొనెను. వైత్ గురువగు హోవర్డ్ పైల్ కూడ ఓడదొంగల చిత్రములకు ప్రసిద్ధుడు. తలగుడ్డ, నడుమునకు రంగుపట్టీ గల నేటి ఓడదొంగ వేషము చాలవఱకు ఆయన కుంచెనుండి వచ్చినదే. 1911లో ఆయన మరణించిన పిమ్మట, 1921లో ఆ చిత్రములన్నియు ఒక గ్రంథముగా వెలువడెను. నేటి పిల్లల బొమ్మల పుస్తకములన్నియు ఈ త్రోవన నడచినవే.

ట్రెజర్ ఐలండ్ తరువాత స్టీవెన్సన్ కీర్తి పెరిగినది. 1886లో కిడ్నాప్డ్, జెకిల్ అండ్ హైడ్ గ్రంథములు వెలువడినవి. 1887 మే నెలలో తండ్రి మరణించెను. అదే సంవత్సరము స్టీవెన్సన్ స్వదేశమును విడిచెను. మరల తిరిగి రాలేదు. 1888లో తెరచాప ఓడలో పసిఫిక్ దీవులకు బయలుదేరి, ఆరోగ్యమునకు అనువైన సమోవాలో 1890లో భూమి కొని వైలిమా అను చోట ఇల్లు కట్టుకొనెను. కథలలో దీవిని కల్పించినవాడు తుదకు దీవిలోనే కాపురముండెను.

అక్కడ నిధికై వెదకలేదు. విదేశ ప్రభుత్వములు సమోవావారికి చేయుచున్న అన్యాయములను ఎత్తిచూపుచు లండను పత్రికకు లేఖలు, 1892లో ఒక గ్రంథము వ్రాసెను. చెఱసాలలో నున్న నాయకులకు అండగా నిలిచెను. విడుదలయైన ఆ నాయకులు 1894లో ఆయన యింటికి తమ చేతులతో బాట వేసి ఋణము తీర్చుకొనిరి. వారు ఆయనకు టూసిటాలా, అనగా కథకుడు, అని పేరు పెట్టిరి. ఆయన పిల్లలను మఱచినదియు లేదు. అమెరికా అధికారి యొకరి కుమార్తె క్రిస్మసు నాడు పుట్టుటచే తనకు వేఱుగా పుట్టినరోజు లేదని విచారించుచుండగా, 1891లో న్యాయశాస్త్ర పరిభాషతో పక్కా దస్తావేజు వ్రాసి తన జన్మదినమగు నవంబరు 13ను ఆమెకు దానము చేసెను. ఆయన చదివిన న్యాయవిద్యకు ఇంతకంటె మంచి ప్రయోజనము కలుగలేదేమో!

1894 డిసెంబరు 3వ తేదీ ఉదయము వఱకు ఒక నవల వ్రాయుచునే యుండెను. సాయంకాలము భార్యతో మాటలాడుచుండగా మెదడులో రక్తస్రావము కలిగి కుప్పకూలి, కొలది గంటలలో కన్నుమూసెను. వయస్సు 44 సంవత్సరములు. ఆయన కోరిక ప్రకారము వైయా కొండ శిఖరమున సమాధి చేయుటకు సమోవావారు రాత్రికి రాత్రి అడవి నఱకి త్రోవ చేసి, మఱునాడు భుజములపై మోసికొనిపోయిరి.

తాతతండ్రులు సముద్రముపై దీపములు నిలిపిరి. కుమారుడు ఆ పని మానివేసెనని తండ్రి విచారించెను. కాని మంచము పట్టిన బాలుర యిండ్లలోను, వానలో చిక్కుకొన్న బాలుర యిండ్లలోను ఆయన వెలిగించిన దీపము ఇంకను ఆఱలేదు. నండూరి రామమోహనరావుగారి కాంచనద్వీపము వలన ఆ వెలుగు తెలుగు బాలురకు కూడ అందినది. గ్రంథాలయమున చిరిగిన అట్టతో, నలిగిన పుటలతో ఒక బొమ్మల పుస్తకము కనబడినచో నిర్వాహకులు విచారింపనక్కఱలేదు. అది ఎక్కువ చేతులు మారిన పుస్తకము. దాని వెలకు తగిన పని అది చేసినది. వీలైనచో ఇంటి పెద్దలు ఒక సాయంకాలము పిల్లల ప్రక్కన కూర్చుండి ఆ పుటలను త్రిప్పవలెను. బ్రేమార్ గ్రామమున వృద్ధుడగు ఇంజనీరునకు దొరకిన నిధి అట్లే దొరకినది.